సాలిగ్రామంలో నా డెమో

కలర్ గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్ డెమో ఇవ్వడానికి పోయిన వారం చెన్నై వెళ్లా. కోడ్ రాసేదీ నేనే, అమ్మేదీ నేనే. చిన్న కంపెనీ కదా! పన్నెండేళ్లు వచ్చేదాకా పెరిగింది వడపళనిలోనే. తెలుగు సినిమా ఎప్పుడో హైదరాబాద్ వచ్చేసింది, మేమే లేటు.

పక్కనే సాలిగ్రామంలో, ఒక ల్యాబ్‌లో నాన్న నెగటివ్ కటింగ్ చేసేవారు. 1000 అడుగుల రీలంటే తెర మీద 11 నిమిషాలు. గ్లౌజులేసుకుని ఒరిజినల్ నెగటివ్‌నే కత్తిరించి, ఫిల్మ్ సిమెంట్‌తో అతికించాలి. కంట్రోల్ జెడ్ లేదు. నా డెమోలో మెయిన్ పాయింటేమో, ఎంత మార్చినా ఒరిజినల్‌కి ఏమీ కాదని!

క్లయింట్ ఆఫీసూ ఆ దగ్గర్లోనే. అక్కడి పెద్దాయన నా తమిళం విని, ఎవరబ్బాయివని అడిగారు. చెప్పా. "మీ నాన్న వేసిన అతుకు తెర మీద కనిపించేది కాదు" అన్నారు. ఆర్డర్ మాత్రం ఇవ్వలేదు, రేటెక్కువట.

రాత్రి ఫోన్ చేస్తే నాన్న ఆర్డర్ సంగతి ఎత్తలేదు. "ఆ గదుల్లో సిమెంట్ వాసన ఇంకా వస్తోందా?" అన్నారు. ఏసీ చలి తప్ప ఏమీ లేదని చెప్పా.