కారు బల్బు మార్చి చూడు!

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో కార్లు లేవు గనుక అక్కడితో ఊరుకున్నారు. ఉండి ఉంటే "కారు బల్బు మార్చి చూడు" అని మూడో మాట కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు.

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు మిత్రులు ఒకరు ప్రేమ గురించి, ఒకరు నిరుద్యోగం గురించి, ఇంకొకరు యువతరం కర్తవ్యం గురించి రాస్తామన్నారు. నేను బల్బు గురించి రాస్తానంటే అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మూడేళ్ళుగా ఈ కళాశాలలో చదువుకున్న ఓమ్ సూత్రం నాకు నిజంగా అర్థమైంది మాత్రం కిందటి సంక్రాంతి సెలవుల్లో, మా ఊళ్ళో, మా పెదనాన్నగారి కారు ముందు గొంతుక్కూర్చున్నప్పుడే. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోదగ్గదేనని నా నమ్మకం.

మాది పల్నాడు వైపు ఒక పల్లె. పత్తి, మిరప పండిస్తాం. పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, నాలుగేళ్ళ కిందట ఒక పాత కారు సెకండుహ్యాండులో కొన్నాడు. పేరుకు కారే గానీ ఊరందరి బండి అది. మిరపకాయల లెక్క చూసుకోవడానికి గుంటూరు యార్డుకీ, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే నరసరావుపేట ఆసుపత్రికీ, పెళ్ళిళ్ళకీ అదే దిక్కు. దాని హెడ్‌లైట్లు మాత్రం బహు నీరసం. "దీనికన్నా కిరసనాయిలు బుడ్డి నయంరా" అనేవాడు పెదనాన్న. చివరికి అన్నయ్యకు రోషం వచ్చి, గుంటూరులో ఒక దుకాణం నుంచి ఎల్.ఇ.డి. బల్బులు పట్టుకొచ్చాడు. హెడ్‌లైట్లకు రెండు, ఇండికేటర్లకు నాలుగు. "పాతది పీకెయ్యడం, కొత్తది పెట్టెయ్యడం, అంతే సార్" అన్నాడట దుకాణదారు. అన్నయ్య అలాగే పీకాడు, అలాగే పెట్టాడు.

ఆ సాయంత్రం మొదలయ్యాయి తిప్పలు. ఎడమ ఇండికేటరు వేస్తే నాలుగు మూలలా నాలుగూ వెలుగుతున్నాయి. అదీ మామూలుగా కాదు, చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలాగా టకటకటక కొట్టుకుంటున్నాయి. హెడ్‌లైట్లలో కుడిది పట్టపగలులా ఉంది, ఎడమది మినుకుమినుకుమంటోంది. పైగా లైటు వేసినప్పుడల్లా రేడియోలో ఆకాశవాణి వార్తలకు బదులు బుర్రుమని తేనెటీగల మోత. "సైన్సు చదువుతున్నావుగా, చూడు మరి" అని అన్నయ్య స్క్రూడ్రైవరు నా చేతిలో పెట్టాడు. మా ఊరి సెంటర్లో సెల్ఫ్-డైనమో రిపేర్లు చేసే మేస్త్రిని కూడా పిలుచుకొచ్చాం. ఆయన చదివింది ఐదో తరగతి. ఆయన చేతిలో ఒక టెస్టుల్యాంపు, నా చేతిలో ఒక మల్టీమీటరు. ఇద్దరం కలిసి రెండు రోజులు ఆ కారును శోధించాం.

మొదట ఇండికేటర్ల సంగతి. వెనకటి ఇండికేటరు బల్బు 21 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది. ఒక పక్కన రెండు బల్బులు గనుక మూడున్నర ఆంపియర్లు. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ ఆ మూడున్నర ఆంపియర్లనే కనిపెట్టుకుని ఉంటుంది. మామూలుగా అది నిమిషానికి 60 నుంచి 120 సార్ల లోపు కొట్టుకోవాలి. ఒక బల్బు మాడిపోతే కరెంటు సగమవుతుంది. అప్పుడు ఫ్లాషర్ వేగం పెంచి, "అయ్యా, ఒక బల్బు పోయింది, చూసుకో" అని డ్రైవరుకు కబురు చేస్తుంది. అది జబ్బు కాదు, హెచ్చరిక. మా కొత్త బల్బులు నాలుగూ కలిపి తీసుకునేది ఒక ఆంపియరు. పాపం, ఫ్లాషర్‌కు ఎల్.ఇ.డి. అంటే ఏమి తెలుసు? బల్బులు మాడిపోయాయనుకుని గగ్గోలు పెట్టింది.

దీనికి మందులు రెండు. ప్రతి బల్బుకూ పక్కన ఒక రెసిస్టరు కట్టి, పాత కరెంటే పోతున్నట్టు ఫ్లాషర్‌ను నమ్మించడం ఒకటి. సాధారణంగా 6 ఓములది కడతారు. 12 వోల్టుల మీద అది 24 వాట్లు వేడి పుట్టిస్తుంది. ప్లాస్టిక్కుకో, పక్క వైరుకో ఆనిందా, కరిగిపోవడమే. ఎల్.ఇ.డి. పెట్టి ఆదా చేసిన కరెంటునంతా రెసిస్టర్లో తగలేయడం ఏం తెలివి? అందుకని రెండో మందు వాడాం. కరెంటుతో నిమిత్తం లేకుండా నడిచే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్‌ను మేస్త్రి తెచ్చి బిగించాడు. వేగం దారికొచ్చింది. అయితే ఇకమీదట బల్బు పోయినా అది చెప్పదు. మనమే దిగి చూసుకోవాలి.

వేగం తగ్గింది గానీ, నాలుగూ వెలగడం మానలేదు. ఇక్కడే నాకు అసలు ఆనందం కలిగింది. మా కారు డాష్‌బోర్డులో ఎడమకూ కుడికీ కలిపి ఒకటే చిన్న బల్బు. దాని ఒక కొస ఎడమ లైనుకూ, రెండో కొస కుడి లైనుకూ కలిపి ఉంది. దానికి ఎర్త్ వైరే లేదు! ఎడమ వేసినప్పుడు కరెంటు ఆ చిన్న బల్బు గుండా కుడి లైనులోకి పోయి, కుడి పక్క బల్బుల ఫిలమెంట్ల మీదుగా భూమికి చేరేది. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ ఫిలమెంటు నిరోధం, వెలుగుతున్నప్పటి నిరోధంలో పదోవంతు ఉంటుంది. 21 వాట్ల బల్బుకు ఒక ఓము కూడా ఉండదన్నమాట. కనుక కుడి బల్బులు వైరు ముక్కల్లా పనిచేసేవే తప్ప వెలిగేవి కావు. ఇప్పుడు ఆ స్థానంలో ఎల్.ఇ.డి.లు వచ్చాయి. డాష్‌బోర్డు బల్బు గుండా వచ్చే ఆ కాస్త కరెంటే వీటికి విందుభోజనం. అందుకే అవీ వెలిగాయి. ఎటు తిరుగుతున్నామో వెనకవాడికి తెలియకపోతే ఇండికేటరు ఉండి ఏం లాభం?

రెండు డయోడ్లు తెచ్చి, ఎడమ లైను నుంచి ఒకటి, కుడి లైను నుంచి ఒకటి డాష్‌బోర్డు బల్బు ఒక కొసకు కలిపి, రెండో కొసను ఎర్త్ చేశాం. కరెంటు ఇటు రాగలదు, అటు పోలేదు. ఎడమ వేస్తే ఎడమే, కుడి వేస్తే కుడే. డయోడు మీద పరీక్షల్లో ఎన్నో మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది ఒక మనిషికి ఉపకరించగా చూడటం నాకదే మొదలు.

ఇక మినుకుమినుకు హెడ్‌లైటు. "బల్బే చెత్తది, మార్పించుకొస్తా" అన్నాడు అన్నయ్య. మేస్త్రి ఒప్పుకోలేదు. "ఆగు బాబూ, కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ వేసి చూద్దాం" అన్నాడు. మార్చి చూస్తే అప్పుడూ ఎడమదే మినుకుమంది. అంటే దోషం బల్బుది కాదు, ఆ చోటుది. ఖర్చులేని పరీక్ష, రెండు నిమిషాల పని. దీన్ని మించిన శాస్త్రీయ పద్ధతి మా ప్రయోగశాలలో కూడా నేను చూడలేదు.

తరువాత నా మీటరుకు పని దొరికింది. లైటు వెలుగుతుండగా మీటరు నల్ల వైరును బ్యాటరీ నెగెటివుకూ, ఎర్ర వైరును హెడ్‌లైటు ఎర్త్ కొసకూ ఆనించాను. రెండూ ఎర్తే గనుక సున్నా రావాలి. మహా అయితే 0.1 వోల్టు. వచ్చింది 2.4! ఎర్త్ బోల్టు విప్పి చూస్తే కింద ఒక పొర తుప్పు, దానిమీద ఎవరో ఎప్పుడో కొట్టించిన రంగు. ఉప్పుకాగితం పెట్టి రేకు మెరిసేదాకా గీకి, బిగించి, గ్రీజు రాశాం. మీటరు 0.05కు దిగింది. లైటు నిలకడగా నిలబడింది.

సమస్యలన్నీ తీరాయని అందరం సంతోషించాం. రేడియో బుర్రుమనడం మాత్రం పోలేదు. ఆ బల్బు లోపలి చిన్న సర్క్యూటు సెకనుకు వేలసార్లు కరెంటును తెంచి కలుపుతుంటే పుట్టే రొద అది. "వార్తలు వినకపోతే పోయాయిలే" అన్నాడు అన్నయ్య. ఆ మూడో రాత్రే జరిగింది అసలు విషయం.

మా నాన్న కల్లంలో ఆరబోసిన మిరపకాయలకు కావలి మనిషిని అప్పగించి, మోపెడ్ మీద ఇంటికొస్తున్నాడు. ఎదురుగా ఏదో కారు. కళ్ళలో సూదులు గుచ్చినట్టయింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కల్వర్టు అంచు కనపడలేదు. బండితో సహా పక్క కాలవలోకి దిగిపోయాడు. కాలవలో నీళ్ళు లేవు, బండి మెల్లగా వస్తోంది గనుక మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది. కారు ఆగింది. దిగి పరుగెత్తుకొచ్చిన మనిషి మా అన్నయ్య! గుంటూరు నుంచి తిరిగి వస్తున్నాడు. పైగా మర్యాదగా డిమ్ములోనే వస్తున్నాడు.

"ఎవడో కళ్ళు నెత్తికెక్కిన వెధవ అని తిట్టుకున్నాన్రా. తీరా చూస్తే మనవాడే" అన్నాడు నాన్న, అమ్మ కాలికి పసుపు అద్దుతుంటే. కాసేపాగి, "ఒరేయ్, వెలుతురు ఎక్కువైతే దోవ కనపడకుండా పోవడమేమిట్రా? మీ పుస్తకాల్లో ఏం రాశారు?" అని నన్నడిగాడు. అన్నయ్య తల వంచుకుని కూర్చున్నాడు.

పుస్తకాల్లో రాసే ఉంది. హెడ్‌లైటు వెనక ఉండే అద్దం పరావలయం. నాభి దగ్గర పెట్టిన దీపం కాంతి సమాంతరంగా పోతుంది. మా కారుకు వచ్చిన హెచ్-4 హాలోజెన్ బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. దూరపు వెలుగుకు 60 వాట్లది, డిమ్ముకు 55 వాట్లది. డిమ్ము ఫిలమెంటు నాభికి కాస్త ముందుంటుంది, దాని కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. కిందికి పోయే కాంతిని ఆ దొప్ప ఆపేస్తుంది. అద్దం పై సగం మీద పడ్డ కాంతి మాత్రం వంగి రోడ్డు మీదికి దిగుతుంది. ఇదంతా మిల్లీమీటర్ల లెక్క. సన్నని ఫిలమెంటు ఉండే చోట బల్లపరుపు చిప్పు, దాని వెనక లోహపు దిమ్మె వచ్చి కూర్చుంటే, అద్దానికి ఆ లెక్క తెలియదు. వెలుతురు పైకీ పక్కలకీ చిమ్ముతుంది.

మరునాడు చీకటి పడ్డాక పొగాకు గోడౌను తెల్లగోడకు 25 అడుగుల దూరంలో కారు నిలిపి చూశాం. పాత హాలోజెన్ బల్బు పెట్టి డిమ్ము వేస్తే గోడమీద గీత గీసినట్టు, కింద వెలుగు, పైన చీకటి. కొత్తది పెడితే గీత లేదు, గోడంతా వెలుగే. బల్బును హోల్డరులో అటూ ఇటూ తిప్పి, చిప్పులు సరిగ్గా రెండు పక్కలకీ చూసేలా సర్ది కూడా చూశాం. కొంత మేలే గానీ గీత మాత్రం రాలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో డిమ్ము లైటు కొలత రాసి ఉంది. 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కళ్ళను అది మిరుమిట్లు గొలపరాదు. ఆ 1.5 మీటర్ల ఎత్తు మోపెడ్ మీద కూర్చున్న మా నాన్న కళ్ళకు రమారమి సరిపోతుంది.

ఎల్.ఇ.డి.ని నేను నిందించడం లేదు. నీలి కాంతి ఎల్.ఇ.డి.ని కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అది వారికి ఎంతైనా తగును. దానికోసమే తయారైన హెడ్‌లైటులో అది చక్కగా పనిచేస్తుంది. ఒకరి కొలతకు కుట్టిన చొక్కా ఇంకొకరికి తొడిగితేనే చిక్కు.

హెడ్‌లైట్లకు మళ్ళీ పాత హాలోజెన్లే పెట్టాం. ఇండికేటర్లకు ఎల్.ఇ.డి.లు ఉంచేశాం. మరి మొదటి నుంచీ ఉన్న నీరసం మాటేమిటి? మళ్ళీ మీటరు తీశాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.3. తక్కిన రెండున్నర వోల్టులు పాత స్విచ్చిలో, సన్నటి వైర్లలో వేడిగా పోతున్నాయి. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. ఒక రిలే, ఒక ఫ్యూజు, బ్యాటరీ నుంచి నేరుగా కాస్త లావుపాటి వైరు వేశాడు మేస్త్రి. బల్బు దగ్గర 13.2 వచ్చింది. వెలుతురు లెక్క ప్రకారం 1.7 రెట్లు. నాలుగేళ్ళుగా "బుడ్డి" అని తిట్లు తిన్న ఆ బల్బులోనే అంత వెలుతురు దాగి ఉంది! దానికి అందవలసింది అందనివ్వలేదు, అంతే. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకొకచోట పోశాం.

ఈ సంచిక చదివే మిత్రుల్లో నా మాదిరి పల్లెల నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు బండి లైటు డిమ్ముగా ఉందని ఎవరైనా అంటే, దుకాణానికి పరుగెత్తే ముందు ఎర్త్ బోల్టు గీకి చూడండి. బల్బులు అటూ ఇటూ మార్చి చూడండి. మీటరు పెట్టి ఎక్కడెంత పోతోందో కొలవండి. హోల్డరూ వైరింగూ 60 వాట్లకు ఉంటే 100 వాట్ల బల్బు పెట్టొద్దు, వైరులో వేడి రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. ఏ బల్బు పెట్టినా సరే, ఒక్కసారి గోడముందు నిలిపి డిమ్ము వేసి చూడండి. అధ్యాపకులకు కూడా ఒక విన్నపం. ఓమ్ సూత్రం ప్రయోగం చేయించే రోజున బల్లమీద ఒక పాత ఇండికేటరు బల్బు, ఒక ఫ్లాషర్, ఒక డయోడు పెట్టించండి. మాలాంటి వాళ్ళకు అది జన్మలో మరపు రాదు.

మా నాన్న మోకాలు మానింది. ఇప్పటికీ చీకటి పడితే ఎదురుగా లైటు కనపడగానే బండి ఆపి, పక్కకు దిగి నిలబడుతున్నాడు. మన రోడ్ల మీద రాత్రిళ్ళు అలా నిలబడవలసి వస్తున్న రైతులు, కూలీలు, ముసలివాళ్ళు ఇంకెందరో ఉన్నారు. మీరు కారులో పోతూ డిమ్ము వేసేటప్పుడు వాళ్ళను ఒక్కసారి తలుచుకోండి.