తుపాకీ మీద లేని పేర్లు

బ్రిటన్‌లో 1968 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, పురాతన తుపాకీని కుతూహలం కొద్దీనో అలంకారం కోసమో ఇంట్లో ఉంచుకుంటే లైసెన్సు అక్కర్లేదు. పేల్చాలనుకుంటేనే కావాలి. అలంకారం అన్న మాట దగ్గర నాకు నవ్వొచ్చింది. ఆడవాళ్ళకి బాగా అలవాటైన మాట కదా!

అమ్మాయి దగ్గర కొన్నాళ్ళుందామని బర్మింగ్‌హామ్ వెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దాయన తన సేకరణలోని రెండు గొట్టాల తుపాకీ చూపించాడు. పంతొమ్మిదో శతాబ్దపు మధ్యకాలానిది. నున్నటి వాల్‌నట్ మడమ, పక్కపక్కనే రెండు గొట్టాలు, రెండు సుత్తులు, రెండు మీటలు. పన్నెండు బోరు అన్నాడు. అంటే ఆ గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు 12 కలిస్తే ఒక పౌను తూగుతాయట.

దాన్ని నింపే పద్ధతి కూడా ఓపిగ్గా చెప్పాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, బిళ్ళ దూర్చి, సీసపు రవ్వలు పోసి, మళ్ళీ బిళ్ళ పెట్టి కడ్డీతో దట్టించాలి. వెనకవైపు చిన్న మొనమీద రాగి టోపీ తొడగాలి. టోపీలో కాస్తంత పాదరసపు ఫల్మినేట్. మీట నొక్కితే సుత్తి పడి టోపీ పేలుతుంది, ఆ నిప్పు లోపలి మందుకి అంటుకుంటుంది. మన పిల్లలు దీపావళికి పేల్చే తుపాకీ బిళ్ళ లాంటిదే. అంతకుముందు చెకుముకి రాయితో పేల్చేవారు. ఆ మెరుపు చూసి పక్షులు తప్పించుకుంటున్నాయని ఫోర్‌సైత్ అనే స్కాట్లండ్ మతగురువు ఫల్మినేట్ వాడే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది.

సేకరించేవాళ్ళు ముందు చూసేది పేరు. ఇనప పలక మీద, వేటకుక్కల బొమ్మల మధ్య, తయారీదారు పేరు చెక్కి ఉంటుంది. ఆ పేరుని బట్టే ధర. గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలుంటాయి. 1813 చట్టంతో బర్మింగ్‌హామ్‌లో ప్రూఫ్ హౌస్ పెట్టారు. మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసి, గొట్టం నిలబడితేనే ముద్ర వేస్తారు. కొనుక్కున్న దొర చేతిలో తుపాకీ పగలకూడదు కదా.

మరి ఆ టోపీలు ఎవరు చేశారు? నేనడిగితే పెద్దాయన, "ఆడపిల్లలు" అన్నాడు, అదేమంత విశేషం కాదన్నట్టు. ఆ ఊరి తుపాకుల పేటలో విట్టాల్ స్ట్రీట్ అనే వీధి ఉంది. 1859 సెప్టెంబర్ 27న అక్కడి టోపీల కర్మాగారం పేలిపోయింది. అందులో పనిచేసే డెబ్భై మంది దాకా ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, చిన్నపిల్లలు. దాదాపు ఇరవై మంది చనిపోయారు. రాపిడికి కూడా పేలే మందు అది. లండన్‌లో టోపీల కర్మాగారం పెట్టిన విలియం ఈలీ కూడా 1841లో ఫల్మినేట్ పేలుడులోనే పోయాడు. ఆయన పేరు ఇప్పటికీ తూటాల పెట్టెల మీద ఉంది. విట్టాల్ స్ట్రీట్ పిల్లల పేర్లు ఆనాటి విచారణ కాగితాల్లో ఉండే ఉంటాయి. ఏ తుపాకీ పలక మీదా లేవు.

నాకు మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ కుడిచేతికి మూడే వేళ్ళు. మా ఊరి చివర బాణసంచా షెడ్డులో టపాకాయలకి మందు కూరేది. వేళ్ళు పోయిన రోజున యజమాని కొంత డబ్బు చేతిలో పెట్టి, "నీ అజాగ్రత్త వల్లే" అని ఇంటికి పంపేశాడు. చివరిదాకా అత్త కూడా అదే అనేది, "నా అజాగ్రత్తేనే అమ్మా" అని. పెళ్ళిళ్ళలో ఆ చెయ్యి కొంగు కింద దాచుకునేది. దీపావళి రాత్రి మాత్రం వీధి అరుగు మీద కూర్చుని, ఏది బాగా పేలిందో, దేనికి మందు తక్కువైందో చప్పుడు విని చెప్పేది. అది పనితనం అని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

బర్మింగ్‌హామ్‌లో ఇంకో మ్యూజియం ఉంది, ఉక్కు పాళీలది. చేత్తో లాగే ప్రెస్సుల ముందు కూర్చుని ఆ పాళీలు చేసింది కూడా ఎక్కువగా ఆడవాళ్ళే. ఓడలెక్కి అవి మన దేశానికీ వచ్చాయి. వాటిమీద కూడా కంపెనీ యజమాని పేరే ఉంటుంది. సందర్శకుల్ని ఒక పాళీ చేసి చూడమంటారు. నేనూ చేశాను. ఒక్కదానికే భుజం లాగింది.

మనం పాత వస్తువుల గురించి రాసేటప్పుడు చెక్కిన పేరు దగ్గర ఆగిపోతుంటాం. ఆ పేరు చరిత్రే, కాదనను. కానీ రాగి టోపీ లేకపోతే ఆ తుపాకీ, ఆ చట్టం అన్నట్టు, ఉత్త అలంకారం.