గుడ్డు పక్కన పెట్టిన పిల్ల

శనివారం మధ్యాహ్నం మేము బడిలో కథలు చెప్పుకుంటాం. ఈ ఏడు ఎనిమిదో తరగతి పిల్లలకు జర్మనీ కథ ఒకటి చెప్పాం. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన పుస్తకంలోది, పేరు ‘ఫిచర్ పక్షి’.

ఒక మంత్రగాడు వీపున బుట్టతో బిచ్చగాడిలా వస్తాడు. వాడు ముట్టుకుంటే చాలు, ఆడపిల్ల బుట్టలో పడుతుంది. అడవిలోని ఇంటికి తీసుకుపోయి తాళాలగుత్తి, ఒక గుడ్డు చేతికిస్తాడు. గుడ్డు ఎప్పుడూ వెంట ఉండాలి, ఒక గది మాత్రం తెరవకూడదు అంటాడు. పెద్దపిల్ల తెరుస్తుంది. లోపల నరికిన శవాలు. భయానికి గుడ్డు చేజారి నెత్తుట్లో పడుతుంది. ఎంత తుడిచినా మరక పోదు. వాడు ఆమెను చంపేస్తాడు. రెండో పిల్లకూ అదే గతి. మూడో పిల్ల ముందు గుడ్డును భద్రంగా దాచి, తర్వాత తలుపు తీస్తుంది. అక్కల ముక్కలు వరసగా పేర్చి బతికిస్తుంది. గుడ్డుకు మరక లేదు కాబట్టి వాడికి ఇక ఆమె మీద బలం ఉండదు. అక్కలను బుట్టలో బంగారం కింద దాచి, వాడి వీపు మీదే పుట్టింటికి పంపుతుంది. చివరికి తాను తేనెలో మునిగి, పరుపు చించి ఈకల్లో దొర్లి, వింత పిట్టలా వాడి ఎదురుగానే నడిచిపోతుంది. అంత తేనె పాడు చేసిందని మా పిల్లలు బాధపడ్డారు.

అప్పుడు ఒక పిల్ల లేచింది. ‘‘గుడ్డు వెంట ఉంచుకోమంటే దాచింది. మాట తప్పినట్టే కదా టీచర్?’’

వెంటనే జవాబు రాలేదు మాకు. పెద్దలు చెప్పింది వినమని రోజూ చెప్పేది మేమే.

ఈ కథకు అక్క వరస కథ ఫ్రాన్సులో ఉంది. షార్ల్ పెరో 1697లో వేసిన ‘నీలిగడ్డం’. అక్కడ మరక పడేది తాళంచెవికి. భార్య ప్రార్థన చేసుకుంటానని కాస్త గడువు అడిగి, తోబుట్టువును బురుజెక్కించి అన్నదమ్ముల కోసం చూడమంటుంది. వాళ్లు వచ్చి నీలిగడ్డాన్ని చంపుతారు. గడువు అడగడమూ తెలివే. కానీ పెరో చివర తగిలించిన రెండు నీతుల్లో మొదటిది కుతూహలం చేటు అని. పెళ్లాలను వరసగా చంపింది వాడు, తప్పు తలుపు తీసిన ఆడదానిది! ఆ నీతి పిల్లలకు చదివి వినిపించడం మాకు ఇష్టం లేకపోయింది.

గ్రిమ్ పుస్తకంలోనే ‘దొంగ పెళ్లికొడుకు’ ఉంది. పిండిమర యజమాని కూతురికి కాబోయే మొగుణ్ని చూస్తేనే గుండె దడ. ఇంటికి రమ్మని వాడు అడవిదారిలో బూడిద చల్లుతాడు. ఆమె బఠాణీలు, మసూరు గింజలు చల్లుకుంటూ పోతుంది. దాక్కుని చూస్తుండగా దొంగలు ఇంకో పిల్లను నరుకుతారు. ఉంగరమున్న వేలు ఎగిరి ఈమె ఒళ్లో పడుతుంది. రాత్రి తప్పించుకునేసరికి బూడిద గాలికి పోయింది, గింజలు మొలకెత్తి దారి చూపాయి. పెళ్లినాడు అందరి ముందూ కల వచ్చిందంటూ జరిగిందంతా చెప్పి, చివర వేలు తీసి చూపిస్తుంది.

మన దేశంలోనూ ఉంది. బౌద్ధుల పాత కథలో రాజగృహం షావుకారు కూతురు భద్ద, మరణశిక్షకు పోతున్న దొంగను ఇష్టపడి విడిపించి పెళ్లాడుతుంది. నగల కోసం వాడు ఆమెను కొండకొమ్ముకు తీసుకుపోతాడు. చివరిసారి కౌగిలించుకుంటానని చెప్పి, వెనక్కి తిరిగి వాణ్నే తోసేస్తుంది. తర్వాత భిక్షుణి అయింది.

ఇవి చెబుతుంటే మాకు మా పాత విద్యార్థిని గుర్తొచ్చింది. ఇంటర్ అయ్యాక దూరపు సంబంధం వచ్చింది. అడిగినదానికంటే ఎక్కువ ఓలి ఇస్తామన్నారు. తెచ్చినాయన ఎవరి మనిషో ఎవరికీ సరిగా తెలియదు. అబ్బాయి ఇల్లు చూడడానికి పెద్దలెవరూ పోలేదు. ‘‘నేను ఒకసారి చూసొస్తా’’ అని పిల్ల అంటే, అదేం మర్యాద అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. పెళ్లిభోజనం తిని వచ్చాం. ఏడాదికి ఎలాగో ఒక్కతే తిరిగొచ్చింది. ఏం జరిగిందో చాలా రోజులు తల్లికి కూడా చెప్పలేదు. చూసింది చెప్పడానికి ఆ దొంగ పెళ్లికొడుకు కథలో పిల్లకు కల అనే సాకు కావాల్సి వచ్చింది కదా. ఈమెకు అదీ దొరకలేదు.

పై శనివారం ఆ ప్రశ్న మళ్లీ పిల్లలకే వేశాం. వెనక బెంచీ కుర్రాడు అన్నాడు: ‘‘గుడ్డు పగలగొట్టలేదు కదా టీచర్, జాగ్రత్తగా తిరిగి ఇచ్చేసింది.’’ అడిగిన పిల్ల ఒప్పుకోలేదు. ‘‘అట్లాంటోడికి మాటివ్వడమే ఎందుకు?’’ అంది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు.

తర్వాత ఆ కథనే నాటకం వేశారు. గుడ్డు మధ్యాహ్న భోజనంలోది. మూడో పిల్ల వేషం ఆమెదే. సంచీలో దాచి, తలుపు తీసి, అక్కలను బతికించి వచ్చి చూస్తే గుడ్డు లేదు. మంత్రగాడి వేషం కుర్రాడు తినేశాడు.