పై గదుల్లో తీగలు లేవు

ఇంటర్ జువాలజీ రికార్డులో గుండె బొమ్మ వేసినప్పుడు కుడి కర్ణిక పై మూల ఒక చుక్క పెట్టి, అక్కణ్ణుంచి కిందికి మూడు గీతలు లాగాను, ఇంట్లో వైరింగ్ లాగినట్టు. చుక్క సిరాకర్ణికా కణుపు, గీతలు దారులు. మాస్టారు టిక్కు పెట్టారు. మొన్న హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఈపీ ల్యాబ్‌లో ఒక పూట గడిపాక ఆ గీతలు చెరిపేయాల్సి వచ్చింది.

ఈపీ ల్యాబ్ అంటే గుండె కరెంటు చూసే గది. వణికించే ఏసీ, భుజాలు లాగేసే సీసపు ఏప్రాన్. బల్ల మీద గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఓ రైతు, అరవై దాటినాయన. ఆయన నాడి నిమిషానికి 150. కూర్చున్నా 150, నడిచినా 150. వేగం కంటే ఆ మొండితనమే డాక్టరుగారికి ఆనవాలు. పై గదులు 300 సార్లు కొట్టుకుంటుంటే, కిందికి రెండింట ఒకటే దిగుతోందన్నమాట. ఏట్రియల్ ఫ్లటర్.

గజ్జల్లోని సిర గుండా సన్నటి కాథెటర్లు పైకి వెళ్లాయి. ఒకటి కుడి కర్ణికలో గోడ గోడకూ ముక్కు ఆనించి చూస్తూ పోతుంటే, స్క్రీన్ మీద ఆ గది ఆకారం చుక్క చుక్కగా లేచింది. ముందు కరెంటు అందిన చోటు ఎరుపు, ఆ తర్వాత పసుపు, ఆకుపచ్చ, నీలం, చివరికి ఊదా. నేను గీతల కోసం వెతికాను. తీగలేవండీ అని అడిగేశాను కూడా.

“పై గదుల్లో తీగల్లేవండి. కండే తీగ” అన్నారు డాక్టరుగారు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

స్లాబు పోసే రోజు కాంక్రీటు తట్ట చేతులు మారుతూ పైకి పోతుంది చూడండి, అలాంటిదే ఇది. ఒక కండర కణంలోకి సోడియం అయాన్లు దూసుకొస్తాయి, ఆ ఉరవడి పక్క కణంతో ఉన్న సన్నటి రంధ్రాల గుండా దాన్నీ లేపుతుంది. పోగుల వెంట వేగం ఎక్కువ, అడ్డంగా తక్కువ. ఎడమ కర్ణికకు దాటడానికి 1916లో బాక్‌మన్ వర్ణించిన కండరపు పట్టీ ఉంది; అదీ కండే, కాకపోతే పోగులు ఒకే వైపు పేర్చి ఉండటంతో దౌడు తీస్తుంది. ఈ కరెంటు కెరటంలో రెండు గదులూ తడిసిపోవడానికి సెకనులో పదో వంతు చాలు. ఈసీజీలో పీ తరంగం అదే.

మరి నా మూడు గీతలు? 1910లోనే జర్మనీలో ఆషాఫ్, మోన్‌కెబెర్గ్ అనే శాస్త్రవేత్తలు షరతులు పెట్టారు: తీగ అనాలంటే కణాలు వేరుగా కనిపించాలి, ముక్క ముక్కలోనూ వెంట పోగలగాలి, చుట్టూ తొడుగుండాలి. కర్ణికల్లో ఏదీ అలా దొరకలేదు. 1963లో థామస్ జేమ్స్ మూడు దారులున్నాయని రాశాక అవి పుస్తకాల బొమ్మల్లోకి ఎక్కి కూర్చున్నాయి. బొమ్మకు గీత సుఖం, నీటి వాలు కష్టం. అంతే కారణమని నా అనుమానం.

చుక్క మాత్రం అబద్ధం కాదు. 1906 వేసవిలో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, బ్రెడ్‌గర్ అనే పల్లెలో, శాస్త్రవేత్త ఆర్థర్ కీత్ భార్యతో సైకిల్ షికారుకు వెళ్లొచ్చేసరికి, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి మైక్రోస్కోపు ముందు ఉత్సాహంగా కూర్చుని ఉన్నాడు. మట్టిలో బొరియలు తవ్వుకునే మోల్ అనే చిట్టి జంతువు గుండెలో, పెద్ద సిర కర్ణికను కలిసేచోట, వింత కణజాలం కనిపించింది. మరుసటి ఏడు అచ్చయింది. గుండె కొట్టుకోవడం మొదలయ్యే చోటు దొరికింది అలా. కింది గదులకు కరెంటు దిగే కణుపును జపాన్‌వాడైన సునావో తవారా జర్మనీలోని మార్బర్గ్‌లో పనిచేస్తూ అదే 1906లో వర్ణించాడు. అక్కడ కరెంటు నత్తనడక, సెకనుకు అయిదు సెంటీమీటర్లు. ఆ ఆలస్యంలోనే కింది గదులు నిండటం పూర్తవుతుంది. మన రైతుకు 300ని 150 చేసి కాపాడుతున్నదీ ఆ కణుపే.

ఇంతలో “సార్, ఎరుపు ఊదాని తాకుతోంది” అంది టెక్నీషియన్ అమ్మాయి.

మొదలు తుదిని ముట్టుకుందంటే కెరటం గుండ్రంగా తిరుగుతోందని. మామూలుగా ఒకసారి లేచిన కణం కాసేపు మళ్లీ లేవదు, అందుకే కెరటం చివరంటా పోయి ముందు తాజా కండ లేక ఆరిపోతుంది. ఇక్కడ త్రిపత్ర కవాటం చుట్టూ ఉన్న చుట్టుదారి పొడవు. కెరటం తిరిగొచ్చేసరికి కణాలు సిద్ధం. గానుగెద్దులా సెకనుకు అయిదు చుట్లు.

దాన్ని ఆపాలంటే ఇరుకు చోటు పట్టాలి. కవాటానికీ, కాళ్ల వైపు నుంచి రక్తం తెచ్చే పెద్ద సిరకూ నడుమ సన్నటి కండర సందు ఉంది. అక్కడ కాథెటర్ కొసతో వేడి పెడుతూ, కొంచెం కొంచెం జరుపుతూ వచ్చారు. రైతు పళ్లు బిగపట్టారు.

“కాస్త ఓర్చుకోండి బాబాయ్ గారూ, గట్టు వేస్తున్నాం.”

“మడికాండీ?”

“ఆఁ, నీళ్లు అవతలికి దాటకుండా.”

రంపపు పళ్లలా పోతున్న గీత ఉన్నట్టుండి ఆగింది. ఒక ఖాళీ. నాకే ఊపిరాడలేదు. తర్వాత నిదానంగా ఒక చిన్న గుబ్బ, దాని వెనక నిటారు ముల్లు. నిమిషానికి 72.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాలిన చోటు చుట్టూ ఉబ్బినంతసేపు మొద్దుబారి, తర్వాత కోలుకుని దారి ఇవ్వొచ్చట. గట్టుకు ఇటు నుంచి కరెంటు పంపి చూశారు, అటు నుంచి పంపి చూశారు. అరగంట ఆగి మళ్లీ చూశారు. దాటలేదు.

“మళ్లీ గండి పడదు గదండీ?” అడిగారు రైతు.

“పడొచ్చు. పడితే మళ్లీ వేద్దాం” అని చేతిగ్లోవ్స్ తీసేశారు డాక్టరుగారు.

కాలు మడవకుండా కొన్ని గంటలు పడుకోవాలని నర్సు చెప్పిపోయింది. ఆయన రెండు వేళ్లతో తన మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నారు.