యాడి పాటకు గిటార్ మెట్లు చాలలేదు

మేము ముగ్గురం సుగాలీ తండాల్లో పుట్టినవాళ్లం. బుక్కపట్నం డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు ఒకటయ్యాం. ఇప్పుడు ఒకరం హిందూపురం దగ్గర, ఒకరం పెనుకొండ దగ్గర, ఒకరం ధర్మవరం దగ్గర బడిపిల్లలకు చదువు చెప్పుకుంటున్నాం. మూడు ఊళ్లూ బెంగళూరు రైలు దారి మీదే ఉన్నాయి. అందుకే ఆదివారం కలుసుకోవడం సులువు. ఇరవై ఏళ్లుగా ఆ ఆదివారాలు గిటార్‌తోనే గడుస్తున్నాయి.

గిటార్ మీద మోజు ఎందుకు పుట్టిందో దాచుకోకుండా చెబుతాం. ఇంటర్ చదివే రోజుల్లో "తండా వాళ్లా? అయితే ఒక డ్యాన్స్ వెయ్యండి" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లెవరికీ రానిది నేర్చుకుంటే ఆ నవ్వు ఆగుతుందనుకున్నాం. బెంగళూరుకు కూలిపనికి పోయిన బంధువొకడు తెచ్చిన క్యాసెట్లో పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'మనీ' ఉంది. 1973 నాటి పాట. చప్పట్లు కొడుతూ వింటే నాలుగు లెక్కకు కుదరలేదు, ఏడుకు సరిపోయింది. మధ్యలో గిటార్ సోలో దగ్గర మాత్రం నాలుగుకు మారింది. ఇలా లెక్కలు మారుస్తూ, శాస్త్రీయ సంగీతాన్నీ జానపదాన్నీ కలుపుకుంటూ, పొడవైన రచనలు చేసే పద్ధతిని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని తర్వాత తెలిసింది.

పాత గిటార్ ఒకటి కొన్నాం. తీగలు మెట్లకు చాలా ఎత్తుగా ఉండేవి. వేళ్లు కాయలు కాచాయి. మాకు ఒకటే పిచ్చి, వేగం. ఎవరు ఎక్కువ స్వరాలు మీటితే వాళ్లే గొప్ప. చివరికి ధర్మవరంవాడి కుడి మణికట్టు వాచి, నెల రోజులు నల్లబల్ల మీద రాయలేకపోయాడు.

అప్పుడు బుద్ధి వచ్చింది. ఒకటో తరగతి పిల్లవాడి చేత మొదటిరోజే వాక్యం రాయించం కదా, అక్షరం దిద్దిస్తాం. మమ్మల్ని మేమే ఒకటో తరగతిలో కూర్చోబెట్టుకున్నాం. మెట్రొనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, దెబ్బకు రెండు స్వరాలు. పిక్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి. తప్పు లేకుండా వరుసగా ఐదుసార్లు వస్తేనే నాలుగు దెబ్బలు పెంచాలి. భుజం బిగిస్తే మళ్లీ తగ్గించాలి. కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ రాక్ వేదిక మీద కూడా స్టూలు మీద కూర్చునే వాయించేవాడు. 1985 నుంచి 'గిటార్ క్రాఫ్ట్' పేరుతో శిక్షణ కూడా ఇచ్చాడు. కూర్చునే తీరు కూడా వాద్యంలో భాగమేనని ఆయన్ను చూసే గ్రహించాం.

ఏడు లెక్కకు ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. తకిట తకధిమి అంటే ఏడు, మన మిశ్ర చాపు. తక తకిట అంటే ఐదు, ఖండ చాపు. బడిలో పిల్లలకు ఇవే చప్పట్లతో నేర్పుతాం. కూడికలు రానివాళ్లు కూడా ఇక్కడ లెక్క తప్పరు.

ఇక అసలు సంగతి. పెనుకొండవాడి యాడికి పాటలు చాలా వచ్చు. తీజ్ పాటలు, పెళ్లిపాటలు, ఏడుపు పాటలు. ఒకసారి కాలేజీ స్నేహితులు తండాకు వచ్చినప్పుడు ఆమె వాకిట్లో పాడుకుంటోంది. "యాడీ, కాసేపు ఆపు" అన్నాం. ముగ్గురం అన్నాం. ఆమె లేచి లోపలికి పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, చేతికి పని వచ్చాక, ఆమె ఎదుటే గిటార్ వాయించాం. వింది. "చేతులు బాగానే ఉరుకుతున్నాయి. పాట ఏదిరా?" అంది. నువ్వు పాడు, మేము వాయిస్తాం అన్నాం. "మీరే కదా ఆపమన్నారు" అంది. మా నోట మాట రాలేదు.

ఆ రోజు పాడలేదు. నాలుగు ఆదివారాలు పోయాక పాడింది. మాకు అప్పుడు తెలిసింది, ఆమె గొంతు రెండు మెట్ల నడుమ నిలుస్తుందని. గిటార్‌లో ఆ చోటికి మెట్టు లేదు. తీగను పక్కకు లాగితేనే అందుతుంది.

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గుర్తుకొచ్చారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, ఆయన దాన్ని మాండొలిన్ మీద పలికించేవారు. జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్ వంటి గిటారిస్టు పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించారు. పాట ముందు, వాద్యం తర్వాత. మేము ఆ దారి పట్టాం.

మొదట గొంతుతో పాడాలి. తర్వాత చేరాల్సిన స్వరాన్ని గిటార్ మీద ఒకసారి మీటి చెవిలో పెట్టుకోవాలి. ఆపైన కింది మెట్టు మీద మూడు వేళ్లూ కలిపి తీగను లాగి అక్కడికి చేర్చాలి. యాడి గొంతు మెట్ల నడుమ నిలిచే చోట లాగడం కూడా అక్కడే ఆపాలి. ఆమె ఊపిరి తీసుకున్నచోట చెయ్యి ఎత్తాలి. ఆ ఖాళీని స్వరాలతో నింపకూడదు. తప్పితే యాడి తల అడ్డంగా ఊపేది. ఒక్క చరణం ఆమె ఒప్పుకోవడానికి మాకు ఆరు నెలలు పట్టింది. వేగం సంపాదించడానికి పదేళ్లు పెట్టాం, ఈ ఆరు నెలల్లో నేర్చుకున్నదే ఎక్కువ.

యాడి ఇప్పుడు లేదు. ఆమె పాటల్లో మా దగ్గర మిగిలినవి నాలుగు. మిగతావి ఎన్నో, ఏవో మాకు తెలియదు. తండాలో అడిగితే "ఆమెకే తెలుసు" అంటారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గిటార్ నేర్చుకోండి, కీబోర్డు నేర్చుకోండి. ఎవరి రాగమైనా వాయించండి, తప్పేమీ లేదు. కానీ ఈ ఆదివారం ఇంటికి పోతే ముందు ఫోన్ తీసి అవ్వ పక్కన కూర్చోండి. టీచర్ మిత్రులారా, బడికి వచ్చిన పిల్ల తన భాషలో కూనిరాగం తీస్తుంటే ఆపకండి. ఆపిన మాట ఎంత దూరం పోతుందో మేము చూశాం.