ఆధా గానా

అమ్మీకి ఎడమ చెవి వినపడక ఐదేళ్లయింది. మొన్న సఫర్ నెలలో, కాజీపేట దర్గా ఉర్సు రోజుల్లో, ఖవ్వాలీ వినాలని ఉందంది. మోకాళ్ల నొప్పులతో అంత దూరం పోలేదు. ఫోన్లో ఒక పాత రికార్డింగు పెట్టి ఇయర్‌ఫోన్లు తగిలించాను. కాసేపు విని తీసేసింది. "ఆధా గానా కహాఁ గయా బేటా?" అంది. సగం పాట ఎటు పోయిందని.

నేను పెట్టుకుని విన్నాను. హార్మోనియం, ఖవ్వాల్ గొంతు ఎడమ పక్క. తబలా, చప్పట్లు కుడి పక్క. అమ్మీకి వినపడే చెవిలోకి చప్పట్లే వస్తున్నాయి. పాట చెడిన చెవి దగ్గరే ఆగిపోతోంది.

బ్యాలెన్స్ మారుద్దామనుకున్నాను. చిన్నప్పుడు అబ్బా టేప్‌రికార్డర్‌కి ఆ నాబ్ ఉండేది. క్యాసెట్‌లో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. అందులోనే ఒక్కో వైపుకు ఎడమదొకటి, కుడిదొకటి రెండు ట్రాకులు. నాబ్ కుడికి తిప్పితే కుడి పక్క పెరుగుతుందనుకునేవాణ్ణి. అబ్బా నవ్వి, "యే నై బఢ్‌తా రే, వో ఘట్‌తా" అన్నాడు. ఇది పెరగదురా, అవతలిది తగ్గుతుంది.

ఆ మాట నాకు పత్రికాఫీసులో చేరాక అర్థమైంది. "ముస్లిమై ఉండి ఇంత మంచి తెలుగు ఎట్లా రాస్తున్నవ్ భాయ్?" మెచ్చుకుంటున్నామనే అనుకుంటారు. మండీబజార్‌లో చుట్టాలింటికి పోతే, తెలుగు పేపర్ల పడి నీ ఉర్దూ ఖరాబైందంటారు. ఇద్దరూ నాబ్ తమ వైపు తిప్పమనేవాళ్లే. ఉర్దూ తగ్గించుకుంటే నా తెలుగు ఏం పెరుగుతుంది?

గాలిబ్‌ను తెలుగు చేసిన దాశరథిది మా పాత వరంగల్ జిల్లాలోని చినగూడూరు. ఆయన ఉర్దూ చూసి అందరం మురిసిపోతాం. మురవాల్సిందే. మరి నా తెలుగు చూసి ఆశ్చర్యమెందుకు? నేను ఈ ఊరికి చుట్టపుచూపుగా రాలేదు కదా.

అమ్మీకీ బ్యాలెన్స్ పనికిరాలేదు. కుడికి జరిపితే మళ్లీ చప్పట్లే, ఎడమకు జరిపితే అదీ లేదు. సెట్టింగుల్లో వెతగ్గా వెతగ్గా యాక్సెసిబిలిటీ కింద 'మోనో ఆడియో' దొరికింది. రెండు పక్కల శబ్దాన్నీ కలిపి రెండు చెవులకూ పంపుతుందది. 1931లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు రెండు చానళ్ల శబ్దానికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. శబ్దం ఎటు నుంచి వస్తోందో వినేవాడికి తెలియాలని ఆయన తపన. మోనోలో ఆ దిక్కు పోతుంది, నిజమే. పాట మాత్రం మొత్తం వస్తుంది.

అమ్మీ కళ్లు మూసుకుని తలూపింది. "అబ్ పూరా హై" అంది.

తెలుగు, ఉర్దూ రెండూ వచ్చినవాణ్ణి కనుక నాకు రెండు చెవులున్నట్టే. నా పాఠకుల్లో చాలామందికి ఉర్దూ రాదు. అయినా అమ్మీని అమ్మీ అనే రాస్తాను. పక్కన బ్రాకెట్లో 'అమ్మ' అని పెట్టమని ఒకప్పుడు డెస్కువాళ్లు అడిగేవారు, పెట్టేవాణ్ణి. ఇప్పుడు పెట్టడం మానేశాను. ఒక్క చెవితో వినేవాళ్లకు కూడా మా ఇంటి పాట మొత్తం అందాలి.