మన్రో చరిత్రయు బళ్ళారి చదువరులును

1800వ సంవత్సరమున నిజాము నవాబు, తన రక్షణకై నిలిపిన కుంపిణీ సైన్యపు వ్యయమునకు మారుగా, తుంగభద్రకు దక్షిణమున నున్న తన సీమను ఆంగ్లేయుల కొప్పగించిన నాటినుండి, 1807లో కలెక్టరు తామస్ మన్రో స్వదేశమునకు మరలువరకు జరిగిన వృత్తాంతము బళ్ళారి ప్రాంతమున నేటికిని చల్లారని చర్చ. ఎవరు వ్రాసినను ఘటనలు ఇంచుమించుగా అవియే. చదువరులు మాత్రము తలకొక చోట పుస్తకము మూసి మాటకు దిగుదురు.

నేనెరిగిన ఒక వృద్ధ రైతు మన్రో చరిత్రలో పట్టాల ప్రకరణము దాటి ముందునకు పోడు. "మన్రోలయ్య రాకుంటే మాకు పట్టా యాడిదప్పా?" అనును. ఎనుబదిమంది పాళెగాండ్రు, వారి వెనుక సుమారు 30,000 మంది సాయుధులు, ఒకే పంటకు ఇద్దరు ముగ్గురు వచ్చి కప్పమడిగిన రోజులు ఆయన తాతముత్తాతల నోట విన్నవి. డేరాలలో నివసించి, నడుమ దొరలు లేకుండ రైతుతోనే శిస్తు మాటాడిన అధికారి వారికి దేవుడుగా తోచుటలో వింత లేదు. మన్రోలప్ప అని బిడ్డలకు పేరు పెట్టుకొనిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చెనని కథ చెప్పుకొనిరి. గవర్నరై మరల ఈ సీమకు వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూయుట ఆ భక్తిని మరింత పెంచెను.

పాళెగాని కొలువున కట్టుబడి బంటులైన వారి వంశమున పుట్టిన నాయక యువకుడొకడు అదే గ్రంథమును చదివి, "శాంతిస్థాపన" అని శీర్షిక యున్న పుటకు అడ్డముగా పెన్సిలుతో గీత గీసి నా చేతికిచ్చెను. ఆతని వేలు నిలిచినది తెర్నేకల్లు ప్రస్తావన మీద: ఆ గ్రంథమున అది రెండు వాక్యములు. 1801లో శిస్తు విషయమై ఆ గ్రామస్థులు తిరుగబడి, సర్కారు ఉద్యోగిని చంపి, కోట తలుపులు మూసికొని, కుంపిణీ పటాలము తొలి దాడిని త్రిప్పికొట్టిరి. పిమ్మట అదనపు బలగము రాగా కోట పడెను, ఊరి పెద్ద ఉరికంబమెక్కెను. ఇది రాజ్యము పోగొట్టుకొన్న దొర తిరుగుబాటు కాదు, పన్ను కట్టలేని పల్లె తిరుగుబాటు. మన్రోను రైతుబాంధవుడని మాత్రమే చదువువారు ఈ ఊరిని దాటి వేగముగా నడచుట నాకు మనస్తాపము కలిగించును.

1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకును, తక్కిన తాలూకాలు మైసూరునకును పోవుటతో స్మృతియు పంచబడెను. కుంపిణీపై తిరుగబడి 1858లో కొప్పళ కోటయొద్ద నేలకొరిగిన ముండరగి భీమరాయని కన్నడిగులు ఎరుగుదురు; అట్లే తిరుగబడి 1847లో కోయిలకుంట్లలో ఉరి తీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మనమెరుగుదుము. రెండు భాషలును ఇంట వినబడు బళ్ళారి చదువరికి ఇద్దరును బంధువులు కావలసినవారు.

ఆ రైతును నేను తప్పు పట్టను. కాని ఆయన మన్రో వ్రాతలనే కడవరకు చదువవలెనని కోరుదును. తాను విధించిన శిస్తు సీమ మోయజాలదని గ్రహించి, నాలుగవ వంతు తగ్గింపుమని 1807లో వ్రాసినవాడు మన్రోయే. కుంపిణీ ఆ మాట వినక, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొను రైతువారీని త్రోసి, గ్రామములను గుత్తకిచ్చి రైతును చితికించెను. మన్రో తన యజమానులకంటె మేలైనవాడు. అయినను ఆయన కట్టిన ఏర్పాటు యజమానుల బొక్కసమునకే. పాళెగాని బంట్లు రైతును పీడించిన సంగతిని నాయక యువకుడును దాచరాదు. నా దృష్టిలో తెర్నేకల్లునకు రెండు వాక్యములు చాలవు, పత్తికొండ మరణమునకు ఎన్ని పుటలో దీనికిని అన్ని పుటలు కావలెను.

ఆ పుటలు నింపుటకు, కర్నల్ మెకంజీ మనుష్యులు ఆ కాలముననే ఊరూర కరణముల చేత చెప్పించి వ్రాయించిన గ్రామచరిత్రలు, అనగా కైఫీయతులు, ఉన్నవి. బళ్ళారి, ఆదోని, రాయదుర్గముల చదువరులారా, మీ ఊరి కైఫీయతును సంపాదించి, మన్రో లేఖల ప్రక్కన పెట్టి, పాళెగాని వంశమువారిని, పట్టాదారుని ఒక్క అరుగుమీద కూర్చుండబెట్టి చదివింపుడు.